వాత్సల్యానికి ధరల పట్టీ

పక్కింటి పసివాణ్ణి పగలంతా మన ఇంట్లో పెట్టుకుని చూసుకున్నందుకు నెల తిరిగేసరికి డబ్బు పుచ్చుకోవచ్చునా, కూడదా అన్న ప్రశ్న ఇంతకాలం తలెత్తకపోవడానికి కారణం, చూసుకునేవాళ్ళను ఎవరూ ఆ సంగతి అడగకపోవడమే. ఇప్పుడా ప్రశ్న హైదరాబాదులో నిజాంపేట వైపు ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో, బీకాం చదివి ముప్పయ్యేళ్ళుగా ఇల్లు దిద్దుకుంటున్న ఒక ఇల్లాలి నోట, నలుగురూ వింటుండగా వెలువడింది. మన సంస్కృతి అంటే గౌరవం ఉన్నవాళ్ళెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు కనుక విషయాన్ని ఆమూలాగ్రం పరిశీలించక తప్పదు.

పూర్వాపరాలు ఇవి. ఎదురు ఫ్లాటు దంపతులిద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ పుణ్యమా అని ఆ అమ్మాయికి జీతంతో కూడిన సెలవు 26 వారాలు దొరికింది. అది కాస్తా అయిపోయింది. ఉద్యోగులు 50 మంది, ఆపైన ఉన్న సంస్థ పసిపిల్లల కోసం క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు 4 సార్లు అక్కడికి వెళ్ళి బిడ్డను చూసి రావచ్చుననీ కూడా ఆ సవరణలోనే ఉంది. ఆరునెలల బిడ్డను పొద్దున్నే నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా ఆ ట్రాఫిక్‌లో ఎవరు మోసుకుపోవాలన్న చిన్న వివరాన్ని మాత్రం చట్టసభ తల్లిదండ్రుల వివేకానికి వదిలేసింది. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు. అమ్మమ్మ అమెరికాలో పెద్దకూతురి కాన్పుకు వెళ్ళి, విజిటర్ వీసా మీద ఇచ్చిన ఆరు నెలల్లో ఇంకా సగంలోనే ఉంది. (ముందు అమ్మమ్మ ఆరు నెలలు, ఆమె విమానం దిగే వేళకు నాయనమ్మ విమానం ఎక్కి మరో ఆరు నెలలు అన్న ఈ ఏర్పాటును మనవాళ్ళు ఎవరూ నేర్పకుండానే కనిపెట్టారు. షిఫ్టుల మీద ఇంత నిక్కచ్చిగా నడిచే విభాగం అల్లుళ్ళు పనిచేసే ఏ కంపెనీలోనూ ఉండదు. పైగా జీతాల పద్దు సున్నా.)

ఆ కారణంగా ఒక ఆదివారం సాయంత్రం ఆ అమ్మాయి బాబును చంకనేసుకుని వచ్చి, “ఆంటీ, మీరు ఇంట్లో ఊరికేగా ఉంటారు, వీణ్ణి కాస్త చూస్తూ ఉండండి. వీడసలు ఏడవడు. మీకూ కాలక్షేపంగా ఉంటుంది” అంది. అడిగిన వేళలు పొద్దున ఎనిమిదిన్నర మొదలు రాత్రి ఏడు దాకా. ఆమె బాబును అందుకుని, కారుతున్న ముక్కు తుడిచి, “దానికేముందమ్మా, బంగారంలా చూస్తాను. నెలకు తొమ్మిది వేలు ఇవ్వండి” అంది.

గదిలో కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదని ప్రత్యక్ష సాక్షుల కథనం.

ముందుగా తేరుకున్నది ఆమె భర్తగారు. బ్యాంకులో పదవీ విరమణ చేసి, చేయని పనికి కూడా ఒకటో తారీఖుకల్లా పెన్షను అందుకుంటున్న ఆయన, “మనకేం తక్కువైందని?” అని అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. మగవాడు జీతం తీసుకుంటే అది ఉద్యోగం, ఆడది తీసుకుంటే ఇంట్లో ఏదో తక్కువైనట్టు అన్న సూత్రం మన వీధుల్లో ఎవరూ రాసిపెట్టకపోయినా అందరికీ కంఠతా వచ్చు. తరువాత, తన ఫ్లాటులోంచే ఏళ్ళ తరబడి బీమా పాలసీలు అమ్ముతున్న అసోసియేషన్ కార్యదర్శి, నివాస భవనంలో వ్యాపారం చెల్లదని వాట్సాప్ గ్రూపులో గుర్తుచేసి, జీఎస్టీ మాటేమిటని నిలదీశారు. సేవలకు ఆ రిజిస్ట్రేషను ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటినప్పటి మాట. నెలకు తొమ్మిది వేల చొప్పున ఆమె మొత్తం మీద 20 లక్షలు కళ్ళజూసేసరికి ఆ పిల్లవాడికి ఓటుహక్కు వచ్చేస్తుంది. అయినా ముందుజాగ్రత్త మంచిదే.

మన సంప్రదాయం ఈ విషయంలో ఏమంటున్నదో చూద్దాం. యశోద దేవకి బిడ్డను పెంచింది. గంటకింత అని లెక్కగట్టి మధురకు బిల్లు పంపలేదు. ఈ వాదనకు ఎదురులేదు. అయితే ఆ తల్లి అల్లరి భరించలేక పిల్లవాణ్ణి రోలుకు కట్టేసింది కూడా. జీతం పుచ్చుకోలేదు కాబట్టి దాన్ని మనం ఇప్పటికీ పులకించిపోతూ తలుచుకుంటున్నాం. అదే నెలజీతం మీద జరిగి ఉంటే ఆ దృశ్యం సీసీ కెమెరాలో పట్టుబడి, సాయంత్రానికల్లా గోకులంలోని గ్రూపులన్నింటిలో తిరిగేది. కనుక ఉచితంగా చూసేవాళ్ళకు ఒక సౌకర్యం ఉన్నమాట ఒప్పుకోవాలి. బాబు సోఫా మీంచి జారి నుదుట బొప్పి కడితే “పిల్లలన్నాక పడరా ఆంటీ” అంటారు. డబ్బు తీసుకున్నాక అదే బొప్పి మీద విచారణ సంఘం కూర్చుంటుంది.

అలాగని మనవాళ్ళు కృతజ్ఞత లేనివాళ్ళు కారు. డబ్బు ఒక్కటి తప్ప అన్నీ ఇస్తారు. ఈ ఇల్లాలు ఇంతకు ముందు రెండో అంతస్తు పాపను ఏడాదిపాటు ఊరికే చూసింది. అందుకు ప్రతిఫలంగా అప్పుడప్పుడూ ఒక స్టీలు డబ్బాలో పులిహోర వచ్చేది. ఆ డబ్బా తోమి, ఖాళీగా పంపకూడదు కనుక నాలుగు సున్నుండలు వేసి తిరిగి పంపడంతో ఖాతా ఎప్పటికప్పుడు ఆమెకే నష్టంగా తేలేది. శ్రావణమాసంలో పసుపు కుంకుమలతోపాటు ఒక గులాబిరంగు జాకెట్టు ముక్క ముట్టింది. విప్పి చూస్తే, అంతకు ముందు ఏడు వరలక్ష్మీ వ్రతానికి తాను పంచినదే, మడత మీద పసుపు మరకతో సహా, నాలుగిళ్ళు తిరిగి తన ఒడిలోకి చేరింది. కుట్టించుకోవడానికి చాలదు, పారేయడానికి మనసొప్పదు. ఈ నాణెం మీద నమ్మకం లేకపోతే మన కాలనీల ఆర్థిక వ్యవస్థ ఒక్కరోజు నిలవదు. ఆ పాప ప్లే స్కూల్లో చేరిన రోజున మాత్రం తండ్రి ఫీజు మొత్తం, డొనేషనుతో కలిపి, పల్లెత్తు మాట అనకుండా కట్టి రసీదు తీసుకున్నాడు.

ఇల్లాలి పనికి ఈ దేశంలో అసలు వెలే లేదనడం కూడా అపోహ. వెల ఉంది, అది అందడానికి ఆమె ముందుగా చనిపోవాలి, అంతే. 1989లో జంషెడ్‌పూర్‌లో ఒక ఉత్సవంలో జరిగిన అగ్నిప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2001లో, మరణించిన గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయలుగా విలువ కట్టింది. 2021 జనవరిలో, ఒక రోడ్డు ప్రమాదం కేసు తీర్పులో, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేను ఉటంకించారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో ఉంది. (ఆ 97 నిమిషాలు ఎవరి ఇంట్లో గడుస్తున్నాయో ఆ పుణ్యాత్ములు ముందుకు వస్తే సన్మానం చేయడానికి సిద్ధం.) న్యాయస్థానం ఇంత ఉదారంగా ఉన్నప్పుడు, లారీ ఏదీ గుద్దకముందే, నిక్షేపంగా సోఫాలో కూర్చుని, ఒళ్ళో బిడ్డను ఆడిస్తూ తన పనికి తానే వెల చెప్పడం ఆ ఇల్లాలి తొందరపాటు కాక మరేమిటి?

ఆమెను ఈ తొందరపాటు నుంచి మళ్ళించడానికి పెద్దలు చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. “డబ్బు మధ్యలోకి వస్తే ప్రేమ ఉండదు” అని కార్యదర్శిగారి సతీమణి హితవు చెప్పగా, ఆ అమ్మాయికి డబ్బు తీసుకునే పురుడు పోసిన డాక్టరమ్మను ఈ కాలనీ అంతా దేవత అంటోంది కదా అని ఆమె తిరిగి అడిగింది. ఇలాంటి అడ్డు ప్రశ్నలు చదువుకున్న ఆడవాళ్ళకే వస్తాయి.

ఆ రాత్రే ఆమె రూళ్ళ కాగితం మీద షరతులు రాసి ఎదురు ఫ్లాటులో ఇచ్చింది. శని, ఆదివారాలు చూడబడదు. డైపర్లు, డబ్బా పాలు, మారు బట్టలు మీవే. జ్వరం వస్తే ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టుకోవాలి. ఎవరన్నది మీ ఇష్టం. రాత్రి ఏడు దాటాక ప్రతి అరగంటకు వంద. ట్రాఫిక్ నా పూచీ కాదు.

బిడ్డ తండ్రి దాన్ని శ్రద్ధగా చదివాడు. ఆఫీసులో తాను చేసే పనిని గంటల్లో, పావుగంటల్లో టైమ్‌షీటులోకి ఎక్కించి, సముద్రం అవతలి క్లయింటుకు డాలర్లలో బిల్లు వేయించే మనిషి కనుక లెక్కలంటే అతనికి గౌరవమే. ఫోనులో క్యాలిక్యులేటరు తీసి, ఏవో నొక్కి, ఎంతో మర్యాదగా, “ఆంటీ, మరి ఫిబ్రవరికి 28 రోజులే కదా, ఏమైనా తగ్గుతుందా?” అని అడిగాడు.

“31 రోజుల నెలలు ఏడున్నాయి నాయనా, వాటి సంగతి కూడా కలిపి చూడు” అని, ఆమె బాబు డైపరు మార్చడానికి లోపలికి తీసుకుపోయింది.