సవరణ: స్కేలు ఆటలో నేను చెప్పిన లెక్క తప్పు

నల్లగొండలో మా వీధి కబడ్డీ పిల్లలతో ఆడించిన స్కేలు ఆట గురించి మొన్న రాశాను. ఒకరు స్కేలు వదిలితే, కింద వేళ్లు తెరిచి ఉంచినవాళ్లు టక్కున పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టేవాడు 10 దగ్గర పడితే, స్పందించే సమయం సగానికి తగ్గినట్టే అన్నాను. అది తప్పు, పొరపాటు నాదే.

మిర్యాలగూడలో ఫిజిక్స్ చెప్పే ఒక సారు ఫోన్ చేసి చెప్పాక, హైస్కూలు పుస్తకంలోని సూత్రంతో మళ్లీ లెక్క వేశాను. పడే స్కేలు వేగం పుంజుకుంటూ పోతుంది. అందుకే 20 సెంటీమీటర్లకు దాదాపు 0.20 సెకన్లయితే, 10కి 0.14. సగం కావాలంటే 5 దగ్గరే పట్టాలి. పరుగు పందెంలో తుపాకీ మోగాక 0.1 సెకను లోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్, అంటే ముందే బయలుదేరినట్టు అంటారు. ఇక్కడా అంతే, 5 సెంటీమీటర్ల లోపే పట్టాడంటే 0.1 సెకను లోపే పట్టినట్టు, అంటే పిల్లాడు ముందే ఊహించి వేళ్లు మూసినట్టు. ఆ ప్రయత్నం లెక్కలోకి తీసుకోకండి, మళ్లీ ఆడించండి. నోటుబుక్కులో పాత లెక్క రాయించి ఉంటే కొట్టేయించండి.