ఇంట్రెస్టెడ్ బటన్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఇంట్రెస్టెడ్ బటన్ గారికి మీ వీరాభిమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ నేను సోఫాలో క్షేమం. అక్కడ మీరు ఆన్‌లైన్‌లో ప్రతి కార్యక్రమం పోస్టరు కిందా వెలుగుతూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

నిన్న రాత్రి నిద్ర పట్టక ఒక లెక్క తీశాను. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఇవాళ మార్చి 27 దాకా, ఈ మహానగరంలో జరిగే సాంస్కృతిక కార్యక్రమాల మీద మిమ్మల్ని 37 సార్లు నొక్కాను. చిత్రకళా ప్రదర్శనలు తొమ్మిది, కచేరీలు పదకొండు, నాటకాలు ఆరు, కవితా పఠనాలు అయిదు, సినిమా ఉత్సవాలు రెండు, బొమ్మలాట ఒకటి. మిగతా మూడూ ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఒకదాని మీద ‘నిశ్శబ్దంతో ఒక సాయంత్రం’ అని ఉంది, మా ఇంట్లో అది దొరకదు కదా అని నొక్కాను.

వెళ్ళినవి: ఒకటి. అదీ మీ చలవ వల్ల కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

తప్పంతా మీదే అనను, కాలం కూడా అలాంటిది. చలి దుప్పటి మడిచి ఇంకా బీరువాలో పెట్టకముందే నగరంలో కళలన్నీ ఒక్కసారిగా చిగురిస్తాయి. మార్చి 20 ప్రపంచవ్యాప్తంగా కథలు చెప్పుకునే రోజు. మర్నాడు 21, యునెస్కో 1999లో ఖాయం చేసిన ప్రపంచ కవితా దినోత్సవం. అదే 21 బొమ్మలాటల వాళ్ళ పండగ కూడా, 2003 నుంచి జరుపుకుంటున్నారు. పాత క్యాలెండర్ ప్రకారం జర్మన్ సంగీతకారుడు బాఖ్ పుట్టింది ఆ తేదీనే కాబట్టి యూరప్‌లో ప్రాచీన సంగీతానికీ ఆ రోజే దొరికింది. 27న రంగస్థల దినోత్సవం, 1962 నుంచీ ఉన్నదే. ఇంకాస్త ఓపిక పడితే ఏప్రిల్ 15న లియొనార్డో డావిన్చి పుట్టినరోజు పేరు మీద చిత్రకళ, 29న నృత్యం, 30న జాజ్. ముహూర్తాలు లేని నెలలు గడిచాక పెళ్ళిళ్ళన్నీ ఒక్క వారంలో వచ్చి పడ్డట్టు ఉంటుంది వ్యవహారం. పెళ్ళిళ్ళయితే ఎవరో ఒకరు వచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు, తప్పదు. ఇక్కడ మీరున్నారు కాబట్టి తప్పించుకోవచ్చు.

ఈ నెల 21న సాయంత్రం ఆరున్నరకి నేను నగరంలో ఒకేసారి అయిదు చోట్ల ఆసక్తిగా ఉన్నాను. దేవుళ్ళకి కూడా ఇంత తేలిగ్గా సాధ్యం కాదు.

మీ గొప్పతనం ఎక్కడుందో చెబుతాను వినండి. పోస్టరు చూస్తాను. ‘అబ్బ, భలే ఉందే’ అనుకుంటాను. మిమ్మల్ని నొక్కుతాను. అంతే, పని అయిపోయినట్టు ఒక నిండుదనం వస్తుంది. నేను ఆధునిక చిత్రకళ అంటే పడిచచ్చే మనిషినని నలుగురు స్నేహితులకీ తెలిసిపోతుంది. వాళ్ళూ నొక్కుతారు. కాలు కదపకుండా కాశీయాత్ర అంటే ఇదేనేమో. ఇక్కడ యాత్ర చేసిన పుణ్యమూ వస్తుంది, ప్రసాదం పంచే బాధా ఉండదు.

మీకు ముందు ఈ ఉద్యోగం మా భాషలో ‘చూద్దాంలెండి’ గారు చేసేవారు. చాలా పెద్దమనిషి. ఎవరైనా ‘ఆదివారం మా నాటకం ఉంది, తప్పకుండా రావాలి’ అంటే, ‘అయ్యో, ఎంతమాట! వీలు చూసుకుని... చూద్దాంలెండి’ అనేవాళ్ళం. పిలిచినవాడికి అక్కడికక్కడే అర్థమైపోయేది, వీడు రాడని. మీరొచ్చాక ఆ సౌకర్యం పోయింది. మా ‘చూద్దాంలెండి’ని మీరు అంకెగా మార్చి పిలిచినవాడి చేతిలో పెడుతున్నారు. గోడ మీద పిల్లులన్నిటినీ లెక్కపెట్టి ‘ఇదిగో మీ ప్రేక్షకులు’ అని చూపిస్తే, పాపం వాడు వెళ్ళి కుర్చీలు మాట్లాడుకుంటున్నాడు.

చరిత్రలో ఇంతకుముందు కూడా దొంగ ప్రేక్షకులు ఉండేవారు, ఒప్పుకుంటాను. నీరో చక్రవర్తి తన పాటకు చప్పట్లు కొట్టడానికి అయిదువేల మందికి పైగా కుర్రాళ్ళని పోగేశాడని రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. ఆ చప్పట్లలోనూ రకాలుండేవట. ఒకటి తేనెటీగల రొద, ఇంకోటి ఇంటి పెంకులు, మరోటి ఇటుకలు. పేర్లు వింటేనే తెలుస్తోంది, సాధన లేకుండా వచ్చే విద్య కాదది. తర్వాత పారిస్ వాళ్ళు దీన్ని శాస్త్రంగా మార్చేశారు. 1820లో నాటకాలకి చప్పట్లు సరఫరా చేసే ఏజెన్సీయే వెలిసింది. వాళ్ళలో వాళ్ళకి పని విభజన కూడా ఉండేది. హాస్యం వచ్చినచోట గట్టిగా నవ్వేవాళ్ళు వేరు. కరుణరసం రాగానే రుమాలు తీసి కళ్ళు ఒత్తుకునే ఆడవాళ్ళు వేరు. ‘మళ్ళీ! మళ్ళీ!’ అని అరిచేవాళ్ళు వేరు. నాటకం బట్టీపట్టి వచ్చి, అసలు ఘట్టం రాగానే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి ‘ఇది చూడు’ అనేవాళ్ళు ఇంకా వేరు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కిరాయి మనుషులు కనీసం హాలుకి వచ్చేవారండీ! డబ్బు తీసుకున్నా సరే, ఒళ్ళు వంచి మూడు అంకాలూ కూర్చునేవారు. దొంగ ఏడుపు ఏడవాలన్నా మనిషి అక్కడ ఉండాలి కదా. మీ హయాంలో ఆ మాత్రం నిజాయితీ కూడా పోయింది.

పారిస్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 1911 ఆగస్టులో లూవ్ర్ మ్యూజియంలోంచి మోనాలిసాని ఎత్తుకుపోయారు. ఆ తర్వాత జనం వరస కట్టి వచ్చి ఖాళీ గోడని చూసి వెళ్ళారు. అప్పుడు బొమ్మ లేకపోయినా జనం ఉన్నారు. నేను నొక్కిన తొమ్మిది ప్రదర్శనల్లో బొమ్మలు వాటి మేకులకి అవి వేలాడుతూనే ఉన్నాయి.

మ్యూజియంకి వెళ్ళినవాళ్ళయినా ఏం ఉద్ధరించారు అంటారా? న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇద్దరు పరిశోధకులు గడియారం పట్టుకుని చూశారు. ఫలితం 2001లో అచ్చయింది. ఒక్కో గొప్ప చిత్రం ముందు జనం సగటున 27 సెకన్లు నిలబడ్డారు, సగంమంది 17 సెకన్లు కూడా లేరు. ఇది చదివి నేను తెగ నవ్వుకున్నాను. తర్వాత నా సంగతి చూసుకున్నాను. ఒక్కో పోస్టరుకి నేను నలభై సెకన్లు ఇస్తున్నాను. రంగు బాగుందా, ఫాంటు బాగుందా, పార్కింగ్ ఉందా, ఎవరెవరు నొక్కారు. చిత్రానికి మాత్రం సున్నా.

మీ తరఫున ఒక వకీలు ఉంటే ‘ఉచితం కాబట్టి రారండీ, టికెట్టు పెట్టండి’ అంటాడు. అదీ పూర్తిగా నిజం కాదు. ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1985లో ఒక ప్రయోగం గురించి రాశారు. ఒహాయో యూనివర్సిటీ థియేటర్‌లో సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరికి పూర్తి ధరకి, కొందరికి తగ్గించి ఇచ్చారు. పూర్తిగా చెల్లించినవాళ్ళు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్ళారు, పెట్టిన డబ్బు పొడుస్తుంటుంది కదా. రెండో సగానికి వచ్చేసరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే డబ్బు పోయిన బాధకి కూడా కొన్నాళ్ళే ఆయుష్షు. మీ దగ్గర ఆ పాటి బాధ కూడా లేదు, వేలికి నొప్పి తప్ప.

ఇక నేను వెళ్ళిన ఆ ఒక్కటి.

21 సాయంత్రం. అయిదు చోట్ల ఆసక్తిగా ఉన్నాను కాబట్టి ఏ ఒక్కచోటికీ బయల్దేరలేదు. ఒక స్నేహితుడు ఫలానా వీధి చివర నిలబడు, వస్తున్నానన్నాడు. నిలబడ్డాను. నలభై నిమిషాలైంది. వాడు రాలేదు, నా ఫోన్ చచ్చిపోయింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, నేను ఆ హాల్లోకి వెళ్ళింది బాత్రూమ్ కోసం. బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒకాయన నన్ను చూసిన చూపు ఉందే! తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చినట్టు ‘రండి సార్, రండి, ఇప్పుడే మొదలవుతోంది, ముందు వరసలోకి రండి’ అన్నాడు. ఇంక బయటికి ఎలా వెళతాను? మొహమాటమంటూ ఒకటి ఏడ్చింది కదా. లోకంలో కళలు ఇంకా బతికున్నాయంటే సగం దాని పుణ్యమే అని నా అభిప్రాయం.

అరవై కుర్చీలు వేశారు. ఉన్నది పద్దెనిమిది మంది, నాతో పందొమ్మిది. అందులో ముగ్గురు బొమ్మని ఆడించే ఆవిడ ఇంటివాళ్ళేనని తర్వాత తెలిసింది. నన్ను పిలిచినాయన హాలు వెనకవైపు రెండు వరసల కుర్చీలు చప్పుడు కాకుండా ఎత్తి గోడ పక్కన పేర్చాడు, హాలు నిండుగా కనపడాలని.

తాళ్ళబొమ్మలాట. ఒక ముసలాయన బొమ్మ. దానికి మొత్తం తొమ్మిది తాళ్ళు: కాలికొకటి, చేతికొకటి, భుజానికొకటి, చెవికొకటి, నడుం వెనక ఒకటి. నల్లబట్టల్లో ఆవిడ పైన అందరికీ కనపడేలాగే నిలబడింది. కథ పెద్దగా ఏమీ లేదు. ముసలాయన కుర్చీ దాకా నడిచి కూర్చోవాలి, అంతే. ఆ కూర్చోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ముందు కుర్చీని చూశాడు. వెనక్కి తిరిగాడు. చెయ్యి వెనక్కి పెట్టి కుర్చీ అక్కడే ఉందా అని తడిమాడు. మోకాళ్ళు వంచబోయి ఆగాడు, మళ్ళీ తడిమాడు. మా తాతయ్య ఇలాగే కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడు కుడిచేతి తాడు వెళ్ళి భుజం తాడుకి చిక్కుకుంది. నేను ముందు వరసలో ఉన్నాను కాబట్టి కనపడింది. ఆవిడ కంగారు పడలేదు. ముసలాయన చేత మెల్లగా తల గోక్కునేలా చేసింది, ఒకసారి, రెండోసారి. మూడోసారికి తాడు విడిపోయింది. వెనకవాళ్ళు నవ్వారు, అది ఆటలో భాగమే అనుకుని. సూత్రధారి అంటే దారం పట్టుకున్నవాడని చిన్నప్పుడు మాస్టారు చెబితే పరీక్షకి రాసి మర్చిపోయాను, ఆ రాత్రి గుర్తొచ్చింది. 27 సెకన్ల లెక్క గుర్తు రాలేదు. గంటా పది నిమిషాలు ఎలా గడిచాయో తెలీదు.

అయ్యాక కుర్చీలు సర్దడంలో ఒక చెయ్యి వేశాను. ‘మీకు ఎలా తెలిసింది సార్?’ అన్నాడాయన. బాత్రూమ్ అని చెప్పలేక ‘ఆన్‌లైన్‌లో చూశానండీ’ అన్నాను. ఆయన మొహం ఒక్కసారి వాడిపోయింది. ‘412 మంది ఇంట్రెస్టెడ్ అని పెట్టారు సార్. అందరూ రారని తెలుసు. సగం వేసుకుంటే రెండొందలు, అందులో సగం వంద, పోనీ అందులోనూ తీసేసి అరవై కుర్చీలు అద్దెకి తెచ్చాను.’ తర్వాత ఆయనే నవ్వేశాడు. ‘27న నాటకం ఉంది. ఈసారి ఇరవయ్యే వేస్తాను. అద్దె అయినా మిగుల్తుంది.’

ఇంటికొచ్చి ఫోన్ చార్జింగ్ పెడితే అది లేవగానే మీ దగ్గర్నుంచి కబురు: ‘మీరు ఆసక్తి చూపిన కార్యక్రమం ముగిసింది.’ ఏదా అని చూస్తే ఆ బొమ్మలాటే! మూడు వారాల కింద నేనే నొక్కి మర్చిపోయాను. ఆ 412లో నేనూ ఉన్నాను. అంటే లెక్క ప్రకారం మీరు నన్ను పిలిచారు, నేను వచ్చాను, మీ రికార్డు భద్రం. బాత్రూమ్‌కి మాత్రం ఎక్కడా క్రెడిట్ లేదు.

ఆ తొమ్మిది తాళ్ళ సంగతి ఆలోచిస్తుంటే నవ్వొచ్చింది. ఒక కొయ్యబొమ్మని కుర్చీలో కూర్చోబెట్టడానికి తొమ్మిది తాళ్ళు కావాలి. నన్ను సోఫాలో కూర్చోబెట్టడానికి మీరొక్కరు చాలు.

అందుకని ఒక చిన్న మనవి. మీ పక్కన ఇంకో రెండు బటన్లు పెట్టించండి. ‘పోస్టరు బాగుంది’ అని ఒకటి, ‘నేను ఇలాంటివి చూసే మనిషినని నలుగురికీ తెలియాలి’ అని ఇంకోటి. మా అందరి అవసరం ఆ రెండింటితో తీరిపోతుంది. కుర్చీలు తెచ్చేవాళ్ళకి కూడా లెక్క తేలిగ్గా తెలుస్తుంది.

ఇవాళ 27. నాటకం ఏడింటికి. ఈసారి మిమ్మల్ని నొక్కలేదు, క్షమించండి. చిరునామా ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు టైము ఆరు దాటుతోంది. ఆయన నిజంగానే ఇరవై కుర్చీలే వేస్తే, ఆలస్యంగా వెళ్ళినవాడు నిలబడి చూడాలి. అసలే నాకు మోకాళ్ళ నొప్పులు. కాబట్టి ఉత్తరం ఇంతటితో ఆపి బయల్దేరుతున్నాను.

ఇట్లు,
ఆ 412 మందిలో ఒకడు