ఎమ్మెస్‌డబ్ల్యూలో హెచ్ఆర్ అంటే చవక ఎంబీయే కాదండీ

జూన్ వచ్చిందంటే ఒడిశాలోని మా రాయగడ తెలుగువాళ్ల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా అమ్మాయికి డిగ్రీ అయిపోయిందమ్మా. ఎంబీయే ఫీజు మావల్ల కాదు. ఎమ్మెస్‌డబ్ల్యూలో హెచ్ఆర్ ఉందట, విశాఖలో వేద్దామా, బరంపురంలో వేద్దామా? ఎంబీయే, ఇదీ రెండూ ఒకటే కదా?"

ఒకటి కాదు. ఎమ్మెస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో పీజీ, అందులో హెచ్ఆర్ అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే స్పెషలైజేషన్. అదీ ఎంబీయే ఒకటేనని నమ్మించి సీట్లు నింపుకుంటున్న కాలేజీల మీద కోపంతో ఈ పోస్టు రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, తీరికున్నవాళ్లే చదవండి.

నా కోపం ఒక్క కాలేజీల మీదే కాదు. "హెచ్ఆర్ తీసుకున్నవాడు యాజమాన్యం మనిషి, వాడికీ సోషల్ వర్క్‌కీ సంబంధం లేదు" అని మూతి విరిచే మా సోషల్ వర్క్ పెద్దల మీద కూడా. వాళ్లు చరిత్ర మర్చిపోయారు. ఒకప్పుడు బొంబాయి మిల్లుల్లో కూలీని పనిలో పెట్టుకునేదీ, తీసేసేదీ, మధ్యలో మామూలు గుంజేదీ జాబర్లు అనే మేస్త్రీలు. ఆ పెత్తనం వాళ్ల చేతుల్లోంచి తీసి లేబర్ ఆఫీసర్లకు ఇవ్వాలని 1931లో కార్మికుల మీద వేసిన రాయల్ కమిషన్ సిఫార్సు చేసింది. 1936లో బొంబాయిలో దొరాబ్జీ టాటా పేరుతో సోషల్ వర్క్ స్కూలు పెట్టారు, ఇప్పుడు మనం టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నది దాన్నే. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్, 500 మంది ఉన్న ప్రతి ఫ్యాక్టరీలో కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది. యాజమాన్యం జీతం తీసుకుంటూ కార్మికుడి మాట వినాల్సిన ఉద్యోగం అది. ఇరకాటంగానే ఉంటుంది. ఆ ఇరకాటంలో ఎలా నిలబడాలో నేర్పకపోతే ఈ కోర్సు ఎందుకు?

ఇక క్లాసులో ఏం నేర్పుతున్నారో చూద్దాం. మొదటి సెమిస్టర్లో మనిషి అవసరాలు మెట్లుమెట్లుగా ఉంటాయనే మాస్లో పిరమిడ్. మూడో సెమిస్టర్లో మళ్లీ అదే పిరమిడ్, ఈసారి పనిలో తృప్తి గురించి చెప్పిన హెర్జ్‌బర్గ్‌తో కలిపి. నా దగ్గరికి ఫీల్డ్‌వర్క్‌కి వచ్చే పిల్లలు కేస్‌వర్క్ (ఒక్కో మనిషి సమస్యని విడిగా పట్టించుకుని సాయపడే పద్ధతి) దశలు గుక్క తిప్పుకోకుండా చెప్తారు. ఒక వేజ్ షీట్ (జీతాల పట్టీ) చేతిలో పెట్టి బేసిక్ ఎంత, పీఎఫ్ ఏ మొత్తం మీద కోశారు, ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) రెట్టింపు రేటు పడిందా లేదా చూడమంటే బిక్కమొహం వేస్తారు. పిల్లల తప్పు కాదు. రెండేళ్లలో వాళ్లకి ఎవరూ ఒక్క వేజ్ షీట్ చూపించలేదు.

వేజ్ షీట్ చదవలేనివాళ్లు కార్మికుడికి ఏ సాయమూ చేయలేరని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్తాను.

మా సరిహద్దు జిల్లాల్లో మనిషి పేరే పెద్ద తలనొప్పి. ఇంట్లో వెంకటరావు. ఒడియా బడిలో చేరేసరికి బెంకట రావు. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఇంకొకటి, కాంట్రాక్టరు గుమాస్తా పీఎఫ్‌లో ఎక్కించింది మూడోది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత యూఏఎన్ నంబరు (ఎక్కడ పనిచేసినా మారకూడని పీఎఫ్ నంబరు) అడక్కుండా కొత్తది తెరిచేస్తారు. చివరికి కూతురి పెళ్లికి డబ్బు తీద్దామనుకుంటే క్లెయిమ్ రిజెక్ట్. సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్ (కార్మికుడూ యజమానీ కలిసి ఇచ్చే పత్రం) మీద పాత యజమాని సంతకం కావాలంటారు. ఆ కాంట్రాక్టరు జెండా ఎత్తేసి ఎన్నాళ్లయిందో! ఇంట్లో గొడవలు, అప్పు, తాగుడు. డ్యూటీకి నాగాలు. ఆఖరికి షోకాజ్ నోటీసు.

సరిగ్గా ఇలాంటి కేసే ఒక విద్యార్థినికి ఇచ్చాను, ఎక్కడన్నది అనవసరం. తెలివైన పిల్ల. ఇంటికెళ్లి భార్యతో మాట్లాడింది, పేజీలకు పేజీలు రికార్డింగ్ రాసింది. మద్యం అలవాటు, ఆత్మగౌరవం, దాంపత్యంలో సంభాషణ లోపం అన్నీ ఉన్నాయి. పీఎఫ్ మాట ఒక్కచోట కూడా లేదు. కౌన్సెలింగ్ సిఫార్సు చేసింది, కాలేజీలో మంచి మార్కులు పడ్డాయి. ఆ మనిషికి ముందు కావలసింది ఓదార్పు కాదు, పాత ఖాతాలన్నీ ఒక్క నంబరు కింద చేర్చిపెట్టే మనిషి. అది కేస్‌వర్కే! ఎంబీయే కుర్రాణ్ని పంపితే ఆ షీట్ చదివేస్తాడు, కానీ ఆ ఇంటి గుమ్మం తొక్కడు. ఈ రెండు పనులూ ఒక్కరే చేయగలగాలనే ఈ స్పెషలైజేషన్ పుట్టింది.

మా చుట్టుపక్కల జేకేపూర్‌లో కాగితం, తెరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, దోరగుడలో అల్యూమినా. తెలుగు, ఒడియా, కొంధు ఆదివాసుల కువి మూడూ ఒక్క టీ కొట్టు దగ్గరే వినిపిస్తాయి. ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష వెల్ఫేర్ ఆఫీసర్‌కి వచ్చి ఉండాలని చాలా రాష్ట్రాల నిబంధనల్లోనే ఉంది. మరి కాలేజీ ఏం చేస్తుంది? మూడు భాషలూ వచ్చిన మా రాయగడ పిల్లకి రిపోర్టులో ఇంగ్లీషు బాగాలేదని మార్కులు కోస్తుంది.

జాబర్లు పోయారని ఎవరైనా అంటే ఒకసారి మా స్టేషన్‌కి రమ్మనండి. అడ్వాన్సు చేతిలో పెట్టి మనుషుల్ని ఇటుక బట్టీలకు తీసుకుపోయే సర్దార్లు కనిపిస్తారు. దీన్నే ఇక్కడ దాదన్ అంటారు. దీని మీద ఒడిశా 1975లోనే చట్టం చేసింది, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల కేంద్ర చట్టం వచ్చింది. ఆ కూలీలు వెళ్లే చోటుల్లో మన తెలుగు జిల్లాలూ ఉన్నాయి. అయినా ఈ సంగతి హెచ్ఆర్ క్లాసులో రాదు. అది కమ్యూనిటీ డెవలప్‌మెంట్ వాళ్ల సబ్జెక్టట!

ఇంకో మాట. బరంపురంలో 1894లో పుట్టిన మన వి.వి.గిరి గారు రైల్వే కార్మికుల నాయకుడు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును (అవార్డును) ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు. కోర్టుల చుట్టూ తిరిగే బదులు యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన వాదన. అలా కూర్చుని తేల్చుకోవడం ఎలాగో నేర్పే ప్రాక్టికల్ ఒక్కటైనా పెట్టొచ్చు కదా. అసలు లెక్కలు ముందు పెట్టి, సగం క్లాసుని యూనియన్‌గా, సగాన్ని మేనేజ్‌మెంట్‌గా కూర్చోబెడితే చాలు. పవర్‌పాయింట్ సెమినార్ల కన్నా నయం.

పాత 29 కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. వెల్ఫేర్ ఆఫీసర్ పరిమితి 500 నుంచి 250కి దిగింది. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. గడువు పెట్టి తీసుకున్న (ఫిక్స్‌డ్ టర్మ్) వాళ్లకి ఏడాదికే గ్రాట్యుటీ. కాగితం మీద మన పిల్లలకి పోస్టులు పెరగాలి. కానీ పోస్టు పెట్టమంటే హాజరు రాసుకునే టైమ్ ఆఫీసులో ఉన్న ఎవరో ఒకరికి ఆ పేరు తగిలించి ఊరుకునే యాజమాన్యాలు ఉంటాయి. వాళ్లని ఆపాలంటే, ఈ చదువు చదివినవాళ్లు ఏం చేయగలరో కళ్లముందు కనబడాలి. పాత 29 చట్టాల పేర్లు వరసగా అప్పజెప్పినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

అందుకే ఫోన్ చేసే తల్లిదండ్రులకి నేను చెప్పేది, కాలేజీ బిల్డింగు చూడకండి, ఫీల్డ్‌వర్క్ ఎక్కడో అడగండి. హెచ్ఆర్ గదిలో కూర్చోబెట్టి రెజ్యూమేలు సర్దిస్తారా, కాంట్రాక్ట్ లేబర్ దగ్గరికి పంపిస్తారా? పంపితే వెంట ఎవరు ఉంటారు? ఆడపిల్లని ఫ్యాక్టరీకి ఎలా పంపుతామండీ అని భయపడేవాళ్లకి ఒకటే అడుగుతాను. అక్కడ ఊడ్చే, మోసే ఆడవాళ్లు ఎవరి పిల్లలు? 2013 చట్టం ప్రకారం పది మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఇంటర్నల్ కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఉందని ఊడ్చే ఆవిడకి తెలుసా, గోడ మీద రాసింది ఆవిడ చదవగలదా అని కనుక్కోవడానికి ఒక ఆడపిల్ల వెళ్లడమే మేలు.

ఈ ఏడాది కూడా ఒక కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది, ఇద్దరు పిల్లల్ని ఫీల్డ్‌వర్క్‌కి తీసుకోమని. తీసుకుంటానని రాశాను. పొద్దున షిఫ్ట్ (ఎ-షిఫ్ట్) మధ్యాహ్నం రెండింటికి దిగాక వారానికి ఒక రోజు లేబర్ కాలనీకి వెళ్లాలి, రిపోర్టు తెలుగులోనో ఒడియాలోనో రాసినా మార్కులు వేయాలి అని షరతు పెట్టాను. కాలనీలో గడిపిన గంటలు ఇండస్ట్రియల్ ఫీల్డ్‌వర్క్ కింద లెక్కకు రావేమో, సిలబస్ చూసే బోర్డుని అడిగి చెప్తామన్నారు.