గీత మీద కాలు, మెడలో విజిల్

బాస్కెట్‌బాల్ నియమాలు తెలుసని నలుగురిలో ఒప్పుకోవడమే పాపం. మా అపార్ట్‌మెంటు పిల్లల వేసవి పోటీల్లో విజిల్ నా మెడలో పడింది. పిల్లలతో పేచీ లేదు. పేచీ అంతా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్న పెద్దలతోనే. వాళ్లంతా వాలీబాల్ ఆడి పెరిగినవాళ్లు.

వాలీబాల్‌లో గీత మీద పడిన బంతి లోపలిదే. బాస్కెట్‌బాల్‌లో గీతే బయట. బంతి పట్టుకున్న కుర్రాడొకడు బొటనవేలితో గీత తొక్కాడు, ఊదాను. "బంతి లోపలే ఉంది కదండీ!" అంటూ వాళ్ల నాన్నగారు లేచారు. కాసేపటికి బంతి గీత దాటి గాలిలో ఉండగా, ఇంకో పిల్లవాడు లోపలి నుంచి ఎగిరి, కాలు నేలకు ఆనకముందే దాన్ని వెనక్కి విసిరాడు. అది చెల్లుతుంది, ఊదలేదు. "ఇప్పుడు ఊదలేదేం? వాడు మీ బ్లాకు వాడనా?" అన్నారాయన. ఖర్మ, వాడు మా బ్లాకు వాడే.

ఈ ఆటను కనిపెట్టిన నైస్మిత్ 1891లో రాసిన 13 నియమాల ప్రకారమైతే బయటికి పోయిన బంతి ముందుగా తాకినవాడిది. ఆ పద్ధతే ఉండి ఉంటే పిల్లలందరూ వెళ్లి ఆ నాన్నగారి ఒళ్లోనే పడేవారు. ఇప్పుడు చివరగా తాకినవాడి జట్టు బంతిని పోగొట్టుకుంటుంది.

డ్రిబుల్, అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ పోవడం, ఇంకో తంటా. అలా కొట్టి, ఆపి రెండు చేతులతో పట్టుకున్నాక మళ్లీ నేలకు కొట్టకూడదు. కొడితే రెఫరీ అరచేతులు రెండూ కిందికి మార్చి మార్చి ఆడించాలి. ఆడించాను. నెమ్మదిగా ఆడమంటున్నాననుకుని ఆ కుర్రాడు బుద్ధిగా తల ఊపి, అదే బంతిని నిదానంగా కొట్టుకుంటూ పోయాడు. బంతి పట్టుకుని అడుగులు ఎక్కువ వేసినందుకు పిడికిళ్లు తిప్పితే, "గాలిపటం దారం చుడుతున్నారా నాయనా?" అని ఒక బామ్మగారు ఆరా తీశారు.

చివరి నిమిషంలో ఎవరికీ అందని పాసు ఒకటి, గీత మీద నిలబడిన నా వీపుకు తగిలి లోపలికి ఎగిరింది. ఊదాను. రెఫరీ తాను నిలబడిన చోటి నేలతో సమానం. నేను గీత మీద ఉన్నాను కనుక బంతి బయటికి పోయినట్టే.

"చివరగా తాకింది మిమ్మల్నే కదా, మరి మీది ఏ జట్టు?" నాన్నగారు మళ్లీ లేచారు.

"నాది జట్టు కాదండీ, నేను నేలను."

ఆరో తరగతి కెప్టెన్ చేయెత్తాడు. "అయితే సార్, మిమ్మల్ని లోపల నిలబెట్టి మీ మీద డ్రిబుల్ చేయవచ్చా?"