‘ఆమె లేకపోతే థియేటర్ నడవదు’ అనడం పొగడ్త కాదు

ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ పక్కన నిలబడి పరికరాలు అందించే స్క్రబ్ నర్సుగా కుదురుకున్న మనిషి పదవీ విరమణ దాకా ఆ ఆపరేషన్ బల్ల పక్కనే ఉండిపోవాలా? లేక కొన్నాళ్లు బల్లకు దూరంగా గదిలో తిరుగుతూ కావలసినవి తెచ్చిచ్చే సర్క్యులేటింగ్‌లో, కొన్నాళ్లు మత్తు డాక్టరు పక్కన, మరికొన్నాళ్లు రోగికి మత్తు దిగే రికవరీ గదిలో పనిచేయాలా? డ్యూటీ పట్టిక వేసే ప్రతిసారీ తలెత్తే ఈ తగవును ‘రెండు వైపులా న్యాయం ఉంది’ అంటూ నానబెట్టడం ఆసుపత్రులకు అలవాటైపోయింది. నా మటుకు నాకు ఇందులో నానబెట్టాల్సిందేమీ కనబడదు. వంతులు మారాలి. అదీ ఎవరో సెలవు పెట్టినప్పుడు హడావిడిగా కాకుండా పట్టిక ప్రకారం, శిక్షణతో మారాలి.

ముందుగా ఎదుటివారి వాదన. సర్జన్ చెయ్యి చాపితే అడగకుండానే సరైన పరికరం అరచేతిలో పడాలి. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవారికే ఆ లయ కుదురుతుందని, కొత్త చేతులు వస్తే ఆపరేషన్ ఎక్కువసేపు సాగుతుందని, అలా సాగిన ప్రతి నిమిషమూ రోగి మత్తులో గడిపే నిమిషమేనని వారంటారు. నిజమే. గుండె, మెదడు శస్త్రచికిత్సల్లో ఇది మరింత నిజం. అక్కడ వంతులు ఆ విభాగం గడప దాటకూడదని నేనూ ఒప్పుకుంటాను. ఆ రెండు మూడు విభాగాలను చూపించి మిగతా థియేటర్లన్నిటినీ కదలకుండా కట్టిపడేయడం మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే, లెక్క అనేది ఒకటుంది.

రక్తం అద్దే గుడ్డలు, సూదులు, పరికరాలు ఏవీ రోగి ఒంట్లో మిగిలిపోకుండా చూసే ఈ లెక్క ఇద్దరు కలిసి చేసే పని. మొదలయ్యే ముందు ఒకసారి, పొట్టో ఛాతీయో మూసే ముందు ఒకసారి, చర్మం కుట్టేటప్పుడు మరోసారి. మధ్యలో నర్సు మారితే మళ్లీ ఇంకోసారి. స్క్రబ్ నర్సు గుడ్డలను ఒక్కొక్కటిగా విడదీసి పైకి లెక్కపెడుతుంది. సర్క్యులేటింగ్ నర్సు కళ్లతో చూస్తూ తనూ పలికి, బోర్డు మీద రాస్తుంది. సూదులు, పరికరాలు కూడా అంతే. ఇంత కట్టుదిట్టం ఉన్నా గుడ్డలు లోపలే ఉండిపోతున్నాయి. శరీరంలో గుడ్డలు, పరికరాలు మిగిలిపోయిన 54 మంది రోగుల వివరాలతో 2003లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతంలో చివరి లెక్క సరిపోయిందనే అనుకున్నారు. మరొకసారి చదవండి. లెక్కపెట్టారు, సరిపోయిందన్నారు, మూసేశారు, వస్తువు మాత్రం లోపలే ఉంది.

ఆ అధ్యయనం నర్సుల వంతుల గురించి చేసింది కాదు. అయినా దాని వెనక నాకు కనిపించేది పాతబడిన అలవాటు. ఒకే ఇద్దరు, ఒకే చోట్లలో, వేలసార్లు లెక్కపెడితే ఆ లెక్క ఎక్కాలు అప్పజెప్పడంలా తయారవుతుంది. నోరు పలుకుతుంది, కన్ను చూడదు.

పొట్ట మూయబోతుండగా పది ఉండాల్సిన గుడ్డలు తొమ్మిదే తేలాయనుకోండి. ఎప్పుడూ బల్ల పక్కనే నిలబడ్డ నర్సు వెతికే చోట్లు గాయం లోపల, ట్రే కింద, కప్పిన వస్త్రం మడతల్లో. బయట తిరిగిన నర్సుకు తెలిసిన చోట్లు వేరు. సర్జన్ చెప్పు అడుగున అంటుకుని తలుపు దాకా వెళ్లిన గుడ్డ ఆమెకు తెలుసు. మత్తు డాక్టరు వైపు ఏదో తుడవడానికి ఎవరో అందుకున్న గుడ్డ తెలుసు. రక్తంలో తడిసి రెండు ఒకటై, వాడిన గుడ్డలను లెక్క కోసం ఉంచే అరల సంచిలో ఒకే అరలో కూర్చున్న గుడ్డలు తెలుసు. రెండు చోట్లా పనిచేసిన మనిషికి ఈ రెండు పటాలూ ఒకే తలలో ఉంటాయి. ఆమె ‘బకెట్టు మళ్లీ చూడండి’ అని ఊరుకోదు, మూడో అరలోది విప్పి చూడమంటుంది. అలాగే ఒకప్పుడు గౌను తొడిగి నిలబడ్డ సర్క్యులేటింగ్ నర్సు, సర్జన్ చేతులు ఒక్కసారిగా వేగం పుంజుకోవడం చూసి, ఎవరూ అడగకముందే రక్తనాళం కుట్టే దారం ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంటుంది. సర్జన్లు అంతగా మురిసిపోయే ఆ లయ ఇలా కూడా పుడుతుంది.

వంతులు వద్దనేవారు ఒక విషయం మరచిపోతున్నారు. రాత్రిపూట ఎలాగూ వంతులు తారుమారవుతున్నాయి. అర్ధరాత్రి దాటాక ప్రమాదంలో దెబ్బతిన్న మనిషి బల్ల మీదికి వస్తే, పగటి జంటలు అక్కడ ఉండవు. డ్యూటీలో ఎవరుంటే వారే గౌను తొడుగుతారు. అత్యవసర ఆపరేషన్లలో వస్తువు లోపల మిగిలిపోయే ముప్పు దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువని చెప్పిందీ ఆ 2003 అధ్యయనమే. అన్నిటికన్నా గండమైన వేళకు అన్నిటికన్నా తక్కువ తయారీతో మనుషులను పంపుతున్నామన్నమాట. పగలు నేర్పని పని రాత్రి ఎలా వస్తుంది?

మత్తు వైపు కథా ఇంతే. కొన్ని మత్తుమందులు పడక ఒంటి వేడి ప్రాణాంతకంగా పెరిగిపోయే మేలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అరుదు, కానీ వస్తే నిమిషాల మీద నడుస్తుంది. దానికి వాడే డాంట్రోలిన్ అనే మందు మామూలుగా 20 మిల్లీగ్రాముల సీసాల్లో పొడిగా ఉంటుంది. ఒక్కో సీసాలో 60 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు పోసి, కరిగేదాకా కుదపాలి. 70 కిలోల మనిషికి మొదటి డోసుకే తొమ్మిది సీసాలు కావాలి. మత్తు బల్ల దగ్గర ఏనాడూ నిలబడని నర్సుకు ఆ పెట్టె ఏ అరలో ఉందో కూడా తెలియకపోవచ్చు.

మధ్యలో ఒక పాత సంగతి. 1890 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్, క్రిములను చంపే ద్రావణంతో చేతులు పుండ్లు పడుతున్న తన నర్సు కెరొలిన్ హాంప్టన్ కోసం గుడ్‌ఇయర్ కంపెనీ చేత పలుచని రబ్బరు తొడుగులు చేయించాడు. తర్వాత ఆమెను పెళ్లి చేసుకున్నాడు కూడా. నేడు రోగి రక్షణకు చిహ్నమైన గ్లోవ్స్ మొదట నర్సు చర్మం కాపాడడానికి అక్కడికి వచ్చాయి. ఈ పని ఒంటి మీద ఎంత బరువో అప్పుడే తెలుసు. ఎముకల ఆపరేషన్లలో ఎక్స్‌రేల నుంచి కాపాడే బరువైన సీసపు ఏప్రన్ వేసుకుని గంటల తరబడి నిలబడే మోకాళ్లు, నడుములు ఎప్పుడూ అవే కానక్కర్లేదు. వంతులకు ఈ ఒక్క కారణం చాలదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అసలు జబ్బు థియేటర్ కన్నా పెద్దది. ఏ సంస్థలో చూసినా ‘ఆమె లేకపోతే నడవదు’ అని గర్వంగా చెప్పుకునే ఒక మనిషి ఉంటుంది. ఆ మాట ఆమెకు కితాబులా వినిపిస్తుంది. నిజానికది యాజమాన్యం తన చేతకానితనాన్ని తానే ఒప్పుకోవడం. ఆమె తలలో ఉన్నదాన్ని పదిమందికి పంచే తీరిక, ఖర్చు తప్పించుకుని, ఆ బరువును ఆమె మీదే ఉంచి, పైన ఒక శాలువా కప్పుతారు. ఆమె నాలుగు రోజులు సెలవు అడిగితే మాత్రం అందరి ముఖాలూ మాడిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అందులో కొత్త మందూ లేదు, కొత్త యంత్రమూ లేదు. ఒక్కొక్కరి తలలో ఉన్నదాన్ని గదిలో ఉన్నవారందరూ వినేలా పైకి చెప్పించారు, అంతే. వంతులు మార్చడం చేసే పనీ అదే.

అయితే వంతుల పేరుతో ఖాళీలు పూడ్చుకునే యాజమాన్యాల మీద నాకు ఏ భ్రమా లేదు. ఉదయం వచ్చిన నర్సును ‘ఈరోజు నువ్వు అటు వెళ్లు’ అని తోసేయడాన్ని వంతు అనరు. కొత్త చోట మొదటి కొన్ని వారాలు పాత మనిషి పక్కనే ఉండాలి. ఆ వారాల్లో డ్యూటీ పట్టికలో ఆ ఇద్దరినీ కలిపి ఒక్కరిగానే లెక్కగట్టాలి. అది కుదరదంటే, సిబ్బంది తక్కువని ఒప్పుకుని నియామకాలు చేయాలి.

చాలా థియేటర్లలో ఒక సీనియర్ నర్సు లాకర్‌లో చెమట మరకల నోటు పుస్తకం ఒకటి దొరుకుతుంది. ఏ సర్జన్‌ది ఏ గ్లోవ్ సైజు, ఏ పొరకు ఏ దారం అడుగుతారు, ఎవరిది ఎడమచేతి వాటం, ఎవరికి ఏ క్లాంప్ అంటే గిట్టదు, అన్నీ అందులో ఉంటాయి. వంతులు మొదలుపెట్టదలచిన ఆసుపత్రి ముందుగా ఆమెను అడిగి, ఆ పుస్తకానికి నకళ్లు తీయించి, ఆమె పేరుతోనే ప్రతి థియేటర్‌లో ఒకటి ఉంచాలి. ఆ మర్నాడు, ఎప్పటినుంచో పెండింగులో ఉన్న ఆమె సెలవు చీటీ మీద సంతకం పెట్టాలి.