ఆసుపత్రి రైళ్లు యుద్ధానికేనా? రాయగడ లైనుకూ ఒక వైద్య బోగీ కావాలి

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైన రోజే ఉక్రెయిన్ ఆకాశం పౌర విమానాలకు మూతపడింది. తూర్పున దాడులు జరుగుతున్న చోట ఆసుపత్రులపై భారం పెరిగిపోయింది. పడమట లవీవ్ నగరంలో వైద్యం దొరుకుతుంది, కానీ అక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఆ దూరం దాటించింది రైలే. ఉక్రెయిన్ రైల్వే, ఎంఎస్ఎఫ్ వైద్య సంస్థ కలిసి మామూలు ప్రయాణికుల బోగీలను మార్చి, ఒక దాంట్లో ఐసీయూ కూడా పెట్టి, మార్చి 31 నుంచి జూన్ 6 లోపు 653 మంది రోగులను తరలించాయి. యుద్ధంలో గాయపడి ఆ రైలెక్కిన వారిలో 40 శాతానికి పైగా ముసలివాళ్లు, పిల్లలేనని ఆ సంస్థే చెప్పింది.

ఆ రైలు గురించి ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కొరాపుట్ తెలుగువాళ్లు ఎందుకు ఆలోచించాలి? జబ్బు ముదిరితే మాకు వినపడే మాట ఒకటే: ‘వైజాగ్ తీసుకెళ్లిపోండి.’ రాయగడ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. చేతిలో డబ్బుంటే కారు, లేకపోతే రైలు. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా వెళ్లే ఏ బండిలో చూసినా కట్టు కట్టిన కాలో, సెలైన్ సూది తియ్యని చెయ్యో కనిపిస్తుంది. అంటే రోగులను మోసే రైళ్లు మాకు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో నర్సు లేదు, ఆక్సిజన్ లేదు, పడుకోబెట్టి ఎక్కించే వీలు లేదు.

యుద్ధం ఈ సమస్యను ఎప్పుడో ఎదుర్కొంది. 1855లో క్రిమియా యుద్ధం నడుస్తుండగా బాలక్లావా రేవు నుంచి సైన్యం శిబిరాల దాకా బ్రిటిష్ వాళ్లు రైలు మార్గం వేశారు. అది సరుకుల కోసం వేసింది. సరుకు దించేసిన బళ్లలోనే తిరుగు దారిలో జబ్బుపడ్డ, గాయపడ్డ సైనికులను రేవుకు చేర్చారు. అమెరికా అంతర్యుద్ధం నాటికి ఎలీషా హారిస్ అనే వైద్యుడు స్ట్రెచర్లను రబ్బరు రింగులతో వేలాడదీసే బోగీని రూపొందించాడు. ఎముక విరిగినవాడికి పట్టాల కుదుపు ఎంత నరకమో ఆయనకు అర్థమైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అంబులెన్స్ రైలు అంటే దాదాపు 16 బోగీల ఆసుపత్రి. మూడంతస్తుల మంచాల వార్డులు, మందుల గది, చికిత్స గది, వంటశాల, సిబ్బంది పడకలు అన్నీ అందులోనే. స్ట్రెచర్ తిన్నగా లోపలికి వెళ్లేలా వార్డు బోగీలకు వెడల్పు తలుపులు పెట్టారు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. మన స్లీపర్ బోగీ తలుపు దగ్గర మంచాన పడ్డ మనిషిని దుప్పట్లో వేసి నలుగురు తిప్పుతుంటే చూసినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

అయితే ఆ రైళ్ల గొప్పతనం బోగీల్లో కంటే వాటి వెనకున్న క్రమంలో ఎక్కువ ఉంది. యుద్ధరంగానికి కాస్త వెనకగా, రైలు పట్టాలకు దగ్గరగా ‘క్లియరింగ్ స్టేషన్’ అనే తాత్కాలిక ఆసుపత్రి. అక్కడ రక్తస్రావం ఆపి, ఎముకకు బద్ద కట్టి, ఎవరు ప్రయాణానికి తట్టుకుంటారో తేల్చేవారు. కదిలిస్తే పోతాడనుకున్న మనిషిని అక్కడే ఉంచేవారు. మిగతావాళ్లు రైల్లో పెద్దాసుపత్రికి, అక్కడి నుంచి ఓడలో ఇంటికి. తొడ ఎముక విరిగితే ఎక్కువమంది చనిపోయే ఆ రోజుల్లో థామస్ స్ప్లింట్ అనే బద్ద కట్టి పంపడం మొదలయ్యాక మరణాలు బాగా తగ్గాయి. బద్ద ముందు, ప్రయాణం తరవాత. ఆ వరస తప్పితే రైలు ఎంత బాగున్నా లాభం లేదు.

వరస తెగితే ఏమవుతుందో 1916 జులై 1న తేలింది. ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం మొదటి రోజే బ్రిటిష్ సైన్యంలో 57 వేల మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, గల్లంతయ్యారు. సరిపడా అంబులెన్స్ రైళ్లు సమయానికి అందలేదు. క్లియరింగ్ స్టేషన్లు ఖాళీ కాలేదు, కొత్తగా వచ్చినవాళ్లు ఆరుబయట నేల మీద పడున్నారు. డాక్టర్లున్నారు, ఆపరేషన్ కత్తులున్నాయి. లేనిది పెద్దాసుపత్రికి పంపే బండి. నన్ను అడిగితే మా సరిహద్దు జిల్లాల వైద్యంలోనూ సగం జబ్బు ఇదే.

మన దేశంలో రైలు, వైద్యం అనగానే అందరికీ లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ గుర్తొస్తుంది. 1991 నుంచి నడుస్తోంది, ఎంతోమందికి చూపు తెచ్చింది, గ్రహణం మొర్రి సరిచేసింది. దాని మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ అది స్టేషన్లో ఆగి, రోగులను తన దగ్గరికి రప్పించుకునే ఆసుపత్రి. యుద్ధ రైలు పని వేరు, అది రోగిని మోసుకెళుతుంది. 2020లో కోవిడ్ కోసం రైల్వే 5,231 బోగీలను ఐసోలేషన్ వార్డులుగా మార్చింది, వాటిలో చాలా తక్కువే వాడారు. మంచం వేసినంత మాత్రాన ఆసుపత్రి అయిపోదు. ఆ బోగీని ఏ ఆసుపత్రికి కలుపుతున్నాం, లోపల ఎవరుంటారు అన్నవి ముందు తేలాలి.

రైల్వేకు ఈ పని కొత్తేమీ కాదు. ప్రమాదం జరిగితే సైరన్ మోగిన 15, 20 నిమిషాల్లో బయల్దేరాల్సిన, పట్టాల మీద నడిచే మెడికల్ వ్యాన్లు డివిజన్లలో సిద్ధంగా ఉంటాయి. 2017 జనవరిలో రాయగడ పక్కనే కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది చనిపోయిన రాత్రి, ఆ అవసరం ఎంతటిదో ఈ ప్రాంతం మొత్తం చూసింది. ప్రమాదం నాడు కదిలే ఏర్పాటులో పదో వంతైనా మామూలు రోజున రోగికి ఎందుకు ఉండకూడదు?

కొందరి అభ్యంతరం: ముందు ఇక్కడే మంచి ఆసుపత్రులు కట్టండి అని. కట్టాలి. కొరాపుట్ వైద్య కళాశాలకు నిపుణులు కావాలి, రాయగడ జిల్లా ఆసుపత్రికీ కావాలి. సైన్యం కూడా రైలు ఉంది కదా అని ముందున్న క్లియరింగ్ స్టేషన్‌ని ఎత్తెయ్యలేదు. గుండెపోటుకూ పక్షవాతానికీ మొదటి గంటే ప్రాణం, అక్కడ రైలు పనికిరాదు. నేను అడుగుతున్నది ప్రాణం నిలబడ్డాక పెద్ద వైద్యానికి వెళ్లాల్సిన వాళ్ల కోసం. విరిగిన తొడ ఎముక, క్యాన్సర్ చికిత్స, కాలిన గాయాలు, ఇలాంటివి.

అసలు చిక్కు సరిహద్దు గీతల్లో ఉంది. 108 అంబులెన్సులు రాష్ట్రాలవారీగా నడుస్తాయి. ఇప్పుడు రైల్వేలోనూ గీత పడింది: 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేసిన రాయగడ డివిజన్ తూర్పు కోస్తా జోన్‌ది, విశాఖ దక్షిణ కోస్తా జోన్‌ది. రోగికి మాత్రం దారి ఒకటే. 1949 జెనీవా ఒప్పందాలు గాయపడినవారిని మోసే బళ్లను శత్రువు కూడా గౌరవించి కాపాడాలని రాసుకున్నాయి. పక్కపక్క రాష్ట్రాలు, ఒకే రైల్వే శాఖ ఆపాటి ఒప్పందం చేసుకోలేవా?

కొత్త డివిజన్ ఏర్పాట్లు జరుగుతుండగానే అడగాలి. రాయగడ నుంచి విశాఖ వెళ్లే ఒక రోజువారీ బండికి ఒక బోగీ. వెడల్పు తలుపు, ఆరేడు స్ట్రెచర్ మంచాలు, ఆక్సిజన్, ఇద్దరు నర్సులు. జిల్లా ఆసుపత్రి డాక్టరు రాసిచ్చిన కాగితమే టికెట్. బండి బొబ్బిలి దాటేసరికి విశాఖ ఆసుపత్రికి రోగుల వివరాలు ఫోన్లో చేరాలి, స్టేషన్ బయట అంబులెన్స్ నిలబడి ఉండాలి. జీతాలు ఒడిశా ఇస్తుందా ఆంధ్ర ఇస్తుందా అన్నది బోగీ పట్టాలెక్కక ముందే రెండు ప్రభుత్వాలూ సంతకాలతో తేల్చుకోవాలి.