ఇంటికొచ్చే పింఛన్ అందుతోంది, అడిగి తెచ్చుకోవాల్సినదే ఆగిపోతోంది

ఒకటో తారీఖు వచ్చిందంటే విశాఖలో పొద్దున్నే వార్డు సచివాలయం సిబ్బంది జాలరిపేటలోనూ అల్లిపురంలోనూ ఇంటింటికీ తిరుగుతుంటారు. ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛన్ 4,000 రూపాయలు చేతిలో పెట్టి వెళ్తారు. 2024 జులైలో 3,000 నుంచి 4,000కు పెంచినప్పుడు ఏప్రిల్ నుంచి రావాల్సిన తేడా కూడా కలిపి ఒకేసారి 7,000 ఇచ్చారు. ఆ పెరిగిన డబ్బు కోసం ఎవరూ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సి రాలేదు. మనిషి ఇంటికి రావడం వల్లే ఈ పింఛన్ ఇంత సాఫీగా అందుతోందని నా నమ్మకం.

తామే అడిగి తెచ్చుకోవాల్సిన డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన పెద్దవాళ్లకు తోడు ఎవరూ ఉండటం లేదు.

విశాఖ ఫ్యాక్టరీల ఊరు. గాజువాక, మల్కాపురం, కంచరపాలెం వైపు ప్రైవేటు కంపెనీల్లోనో కాంట్రాక్టర్ల దగ్గరో పనిచేసి రిటైరైనవాళ్లు ఏ వీధిలోనైనా కనిపిస్తారు. కనీసం పదేళ్లు పీఎఫ్ కట్టినవాళ్లకు ఈపీఎస్-95 (1995 నాటి ఉద్యోగుల పింఛన్ పథకం) కింద పింఛన్ వస్తుంది. దాని కనీస మొత్తాన్ని 2014 సెప్టెంబరులో 1,000 రూపాయలుగా ఖరారు చేశారు. తర్వాత పదేళ్లు గడిచినా అది పెరగలేదు. ఆ వెయ్యి ఆగకుండా రావాలన్నా బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఏళ్ల తరబడి లోడింగ్, వెల్డింగ్ పనులు చేసిన చేతులకు ఆ సర్టిఫికెట్ కోసం పెట్టే వేలిముద్ర చాలాసార్లు పడదు. ముఖం స్కాన్ చేసి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి 2021లోనే వచ్చింది. స్మార్ట్‌ఫోన్ ఉన్న మనవడు ఓ పావుగంట కూర్చుంటే ఇంట్లోనే పని అయిపోతుంది. పోస్టాఫీసులో చెబితే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేసిపెడతారు. ఈ సంగతి తెలియక ఆటోకి డబ్బు పెట్టి వెళ్లి క్యూలో నిలబడే పెద్దలు ఎంతోమంది. నవంబరు దాటితే పింఛన్ పోతుందని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. ఆ నవంబరు గడువు కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లది. ఈపీఎస్ వాళ్లు ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. కిందటేడు ఫిబ్రవరిలో ఇచ్చిన మనిషి నవంబరు దాకా ఆగుదామనుకుంటే మధ్యలో పింఛన్ ఆగిపోతుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

ఓటీపీ గొడవ ఇంకా పెద్దది. ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు, పిల్లలు అందరూ పెద్దవాళ్లకు పదే పదే చెబుతున్నారు. మోసాలు చూస్తుంటే చెప్పి తీరాల్సిందే. కానీ ఏ పథకానికి వెళ్లినా కౌంటర్ దగ్గర మొదట అడిగేది ఓటీపీనే. ఎదురుగా ఉన్న మనిషిని నమ్మాలో వద్దో డెబ్బై ఐదేళ్ల మనిషి ఎలా తేల్చుకుంటారు? పైగా ఆధార్‌కు లింకైన నంబరు చాలా ఇళ్లలో హైదరాబాద్‌లో ఉన్న కొడుకుదో, ఎప్పుడో రీచార్జ్ ఆపేసిన సిమ్‌దో అయి ఉంటుంది. వీధిలో అందరికీ తెలిసిన ముఖం పక్కన ఉంటేనే ఆ భయం తీరుతుంది. ఎన్ని యాప్‌లు తెచ్చినా ఆ పని చేయలేవు.

అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది భర్త పోయిన ఆడవాళ్లు. ఈపీఎస్ పింఛన్ తీసుకుంటున్న మనిషి చనిపోతే అందులో సగం భార్యకు వస్తుంది, దానికీ 1,000 రూపాయల కనీస హామీ ఉంది. డెత్ సర్టిఫికెట్‌తో పింఛన్ దరఖాస్తు ఫారం 10డి పెట్టుకోవాలి. ఆయన ఉన్నన్నాళ్లూ బ్యాంకు పాస్‌బుక్ ఎలా ఉంటుందో కూడా చూడని ఆవిడకు ఇది ఎవరు చెప్పాలి? ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పీఎఫ్ రికార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటే కాగితం వెనక్కి వస్తుంది. ఎందుకొచ్చిందో ఆవిడకు అర్థమయ్యే తెలుగులో రాసివ్వడం పీఎఫ్ ఆఫీసు బాధ్యతే అంటాను.

డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌లో నెలకు 10,000 వరకు మనోవర్తి అడగొచ్చు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఇంటి రిజిస్ట్రేషన్ రద్దు చేయమనీ కోరవచ్చు. ఇవన్నీ కాగితం మీద ఉన్న హక్కులు.

నేను కోరేది కొత్త పథకం కాదు. పింఛన్ ఇవ్వడానికి వెళ్లే ఉద్యోగికి ఇంకో నాలుగు ప్రశ్నలు అప్పగించండి: ఇంట్లో పీఎఫ్ పింఛన్ ఎవరికైనా ఉందా, లైఫ్ సర్టిఫికెట్ ఎప్పుడిచ్చారు, ఆధార్‌కు ఏ నంబరుంది, డెబ్బై దాటినవాళ్లకు కార్డుందా? ప్రభుత్వ పింఛన్ లేని ఇళ్లకూ ఏడాదికోసారి వెళ్లాలి, ఎందుకంటే ఆ వెయ్యి రూపాయల పెన్షనర్ల తలుపు ఇప్పుడు ఎవరూ తట్టడం లేదు. సచివాలయం సిబ్బందికి ఇప్పటికే సర్వేల భారం ఎక్కువే, ఆ మాట నిజం. కాబట్టి కొన్ని సర్వేలు తగ్గించి, వారంలో ఒక పూట ప్రతి వార్డు సచివాలయంలో పెద్దల కాగితాలకే కేటాయించాలి. ఆ పూట రిటైర్డ్ ఉద్యోగుల సంఘాల వాళ్లను పిలిస్తే వస్తారు, ఈ ఫారాలతో వేగినవాళ్లు వాళ్లే. అప్పటిదాకా ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు ఈ వారమే పాత లైఫ్ సర్టిఫికెట్ తీసి తేదీ చూడండి. ఎవరూ లేనివాళ్లకు పెద్దల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 నంబరు రాసివ్వండి, అది ఉచితం.